కదలకుండా నిలబడితే ఒక చాక్లెట్టు

ఆ వీధి మలుపులో బట్టలు కుట్టే ముసలాయన్ని పిల్లలందరూ రేపు తాత అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎప్పుడెళ్ళి అడిగినా అయిపోయినట్టే, రేపు రండి అంటాడు. రేపు వెళ్తే కాజాలొక్కటే మిగిలాయంటాడు. కాజాలు అయ్యేసరికి బొత్తాలు దొరకవు. బొత్తాలు దొరికేసరికి ఆ చొక్కా తొడుక్కోవాల్సినవాడు పై తరగతికి వెళ్ళిపోయి ఉంటాడు. అయినా ఆ వీధివాళ్ళు ఇంకో దర్జీ గడప తొక్కరు. ఎందుకంటే చేతిలో పనితనం అలాంటిది. ఆయన కుట్టిన బట్ట ఎక్కడైనా చిరుగుతుందేమో గానీ కుట్టు దగ్గర మాత్రం చిరగదు. ఇక ఆలస్యం అంటారా, అది ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. తన పెళ్ళి బట్టలు తనే కుట్టుకుంటానని పట్టుబట్టి, పెళ్ళికొడుకు అందరికంటే ఆఖరున వచ్చాడట, అదీ ఒక చేతికి బొత్తాం లేకుండా. ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తుంది.

ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన బట్ట కత్తిరించే పొడుగు బల్ల, గోడ నిండా మేకులు, మేకులకి చేతులు లేని చొక్కాలు. బల్ల మీద సుద్దముక్కల పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో చాక్లెట్లు. చిన్నపిల్లల కొలతలు తీసుకున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. టేపు నడుముకి చుట్టగానే చక్కిలిగింతలంటారు, భుజం కొలవబోతే తల తిప్పుతారు, కాలు కొలవబోతే ఆ కాలు అక్కడ ఉండదు. అందుకని ఆయన ఓ పద్ధతి పెట్టాడు: కదలకుండా నిలబడితే ఒకటి. ఇంకేముంది, వీధిలో అల్లరికి పేరు మోసిన పిల్లలు కూడా ఆయన గదిలో కుక్కిన పేనులా నిలబడేవారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అది మాత్రం గుట్టు. స్కూలు యూనిఫారం కుట్టేటప్పుడు నడుంపట్టీ లోపల ఆయన కాస్త ఎక్కువ బట్ట మడిచి దాచేవాడు. పిల్లలు పెరుగుతారు కదా అని. మొదట్లో ఆ మడత రెండేళ్ళు సరిపోయేది. తర్వాత ఏడాదికే విప్పాల్సి వచ్చింది. ఈ మధ్య అయితే పరీక్షలు కాకముందే తల్లులు నిక్కర్లు పట్టుకొచ్చి, ఏంటండీ ఇంత టైటైపోయింది అని నిలదీస్తున్నారు. ముసలాయనకి ఎవర్నీ నొప్పించడం చేతకాదు. మీ అబ్బాయి ఒళ్ళు చేశాడమ్మా అనే మాట ఆయన నోట్లోంచి ఎలా వస్తుంది? అందుకని బట్టని ఇటు తిప్పి, అటు తిప్పి, వెలుతురులో పెట్టి చూసి, బట్ట ముడుచుకుపోయిందమ్మా, ఏ సబ్బు వాడుతున్నారు అనేవాడు.

పాపం, ఆ తల్లులు నమ్మారు. ఒకావిడ సబ్బు మార్చింది. పక్కావిడకి చెప్పింది, ఆవిడా మార్చింది. చూస్తుండగానే వీధి వీధంతా సబ్బు మార్చేసింది. మూలనున్న కిరాణా కొట్టాయన తన దగ్గర మంచి సబ్బంతా ఎందుకు అలాగే ఉండిపోయిందో తెలీక కంపెనీ మనిషితో పోట్లాట పెట్టుకున్నాడు. ముసలాయన భార్య మాత్రం కూరగాయలు తరుగుతూ ఓ మాట అనేది. చేతుల జోలికి పోకుండా, మెడ జోలికి పోకుండా, నడుం ఒక్కటే చూసుకుని ముడిచే సబ్బు ఎక్కడ దొరుకుతుందో చెప్తే తనూ కొనుక్కుంటానని. ఆయన వినపడనట్టు మిషను గట్టిగా తొక్కేవాడు.

ఆ మడతలు అందరికంటే ఎక్కువసార్లు విప్పింది ఆయన సొంత మనవరాలికే. కూతురి కూతురు, ఆ ఇంటి పై అంతస్తులోనే ఉంటుంది. ఆ పిల్లని ఇంట్లో బొంగరం అంటారు. నడక వచ్చిన రోజు నుంచి ఒక్క చోట నిలబడితే ఒట్టు. మిషను చుట్టూ, బల్ల చుట్టూ, అమ్మమ్మ చుట్టూ తిరుగుతూనే ఉండేది. మొదటి గౌను కుట్టడానికి తాత దాని వెనకాల టేపు పట్టుకుని ఇల్లంతా పరిగెత్తాడు. నిజం చెప్పాలంటే ఆ రేకు డబ్బా మొట్టమొదట కొన్నదే దాని కోసం. ఇప్పుడు ఆ పిల్ల ఐదో తరగతి. స్కూలు నుంచి వచ్చి తాత పక్కన స్టూలు మీద కూర్చుని బొత్తాలు కుడుతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకుంటారు. పై అంతస్తుకి మెట్లెక్కుతూ మధ్యలో ఒకసారి ఆగుతుంది. ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతుంది. తాతకి కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. ఆ చెప్పుకి ఏమీ కాలేదని కూడా ఆయనకి తెలుసు.

స్కూల్లో ఆటల పోటీలు వస్తున్నాయని, అందరికీ తెల్ల ప్యాంట్లు కావాలని కబురొచ్చింది. బల్ల మీద తెల్లబట్ట గుట్టలా పడింది. ఓ సాయంత్రం, అమ్మమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగి, బొంగరం తాత దగ్గరికి జరిగింది.

"తాతా, నా ప్యాంటు మాత్రం ఆటలు అయిపోయాక కుట్టు" అంది.

ఆయనకి అర్థం కాలేదు. అదేంటే అన్నాడు.

"నువ్వు ఎలాగూ ఆలస్యం చేస్తావు కదా. మా తాత కుట్టలేదు టీచర్ అంటాను. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎందుకమ్మా అని అడిగాడు. పిల్ల సూది బట్టలోకి దించుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. పోయినసారి పరుగు పందెంలో అందరూ చేరిపోయి, నీళ్ళు కూడా తాగేసి, వెనక్కొచ్చి తన కోసం చప్పట్లు కొట్టారట. పాపం, పాపం అంటూ కొట్టారట. ఇంకోసారి ఆ చప్పట్లు తనకొద్దంది. ఆ తర్వాత దారం పళ్ళతో తెంపి, ఇంకో మాట కూడా అంది.

"నడుం దగ్గర విప్పావని అమ్మకి చెప్పకు. సబ్బు కాదని నాకు తెలుసులే."

 అలవాటు కొద్దీ ముసలాయన చెయ్యి డబ్బాలోకి పోయింది, ఒక చాక్లెట్టు తీసి దాని చేతిలో పెట్టింది. పిల్ల అది నోట్లో వేసుకుని, ఇంతకుముందు కూర్చున్నట్టే కూర్చుంది, కదలకుండా. బయట ఎవరో బంతి కొట్టిన చప్పుడైతే తల కూడా తిప్పలేదు. ఆయన ఆ పిల్లనీ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. ఇది నేను నేర్పిందే అనుకున్నాడు. అంత సిగ్గు ఆయనకి పెళ్ళినాడు కూడా వెయ్యలేదు.

మర్నాడు ఎవరింటి బట్టలు వాళ్ళకిచ్చే వంకతో వీధంతా తిరిగాడు. కొత్తగా చూడ్డానికేమీ లేదు, రోజూ చూసేవే, కానీ ఆ రోజు కళ్ళు వేరు. స్కూలు వ్యాను డ్రైవరు పిల్లలు లోపల గెంతకుండా తలా ఓ క్రీము బిస్కెట్ పంచుతున్నాడు. వ్యాను ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగుతోంది, పక్కపక్క గుమ్మాలైనా సరే. ట్యూషన్ టీచరమ్మ బల్ల మీద ఓ గిన్నె పెట్టుకుంది, గంటసేపు లేవకుండా కూర్చున్నవాళ్ళకి అందులోంచి తియ్యటి బన్ను ముక్క. క్షవరం చేసే అతను తల కదపని పిల్లలకి జెల్లీ ఇస్తున్నాడు. ఎదురింటి బామ్మగారు తన సీరియల్ అయ్యేదాకా గొడవ చెయ్యొద్దని మనవడి ఒళ్ళో చిప్స్ ప్యాకెట్టు పోసేసింది. అడిగితే అందరిదీ ఒకటే మాట: ఒక్కటే కదండీ, పసివాళ్ళు కదా. ప్రతివాళ్ళూ తామొక్కళ్ళే ఇస్తున్నామనుకుంటున్నారు. తిలా పాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

సాయంత్రం కూతురు పనిలోంచి వచ్చింది. మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం ఆమెది. ముసలాయన మెట్ల దగ్గర ఆపాడు.

"సబ్బు కాదమ్మా" అన్నాడు.

"ఏ సబ్బు నాన్నా?"

"ఏ సబ్బూ కాదు."

ఇలా మొదలుపెట్టి, నీళ్ళు నమిలి, ఆఖరికి మొత్తం చెప్పాడు. ప్యాంటు సంగతీ, చప్పట్ల సంగతీ కూడా. కూతురు మెట్టు మీద కూలబడింది. ఊళ్ళోవాళ్ళ జ్వరాలూ దగ్గులూ అన్నీ తనకి చెప్పుకుంటారు గానీ కన్నకూతురి సంగతి చెప్పడానికి సొంత తండ్రికే నోరు రాలేదా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుని, రేపటి నుంచి దానికి ఉడికించిన కూరలే, తీపి ముట్టుకోనివ్వను, పొద్దున్నే లేపి మెట్లెక్కించి దింపిస్తాను అని లేచింది. ముసలాయన అడ్డం నిలబడ్డాడు.

"మనమందరం కేకు తింటూ దాని ముందు క్యారెట్ పెడితే అది తిండి కాదమ్మా, శిక్ష. ఇన్నాళ్ళూ తప్పు చేసింది మనమైతే శిక్ష దానికా?"

మర్నాడు ఇద్దరూ స్కూలు నర్సు దగ్గరికి వెళ్ళారు. ఆ అమ్మాయి చిన్న వయసుదే గానీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పిల్లని చూశాననీ, భయపడాల్సిందేమీ లేదనీ, పస్తులు పెట్టొద్దనీ చెప్పింది. లావు అనే మాట పిల్ల చెవిన పడకూడదంది. ఏం మార్చినా ఇంట్లో అందరికీ ఒకటే కంచం అయ్యేలా మార్చమంది. తీపి ఎప్పుడో ఒకప్పుడు తింటే తినొచ్చు గానీ లంచంగా వద్దంది. అన్నిటికంటే ముందు, ఆడుతున్నానన్న సంగతే మర్చిపోయేంత ఆట ఉండాలంది. మీ ఒక్క ఇల్లు మారితే చాలదు, పిల్ల గడప దాటగానే పక్కింట్లో మళ్ళీ మొదలవుతుంది, వీధి మొత్తం కలిసి రావాలి, ఈ సంగతే రాసి ఇంటింటికీ కాగితాలు పంపాం, చూడలేదా అని అడిగింది. ముసలాయన తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. ఆ కాగితాలు మంచి దళసరిగా ఉన్నాయని, వాటితో ఆయన కాలర్ల నమూనాలు కత్తిరించుకున్నాడు మరి.

వీధిని ఒక చోటికి చేర్చడం ఎలా? పిలిస్తే ఎవరొస్తారు? ముసలాయన తన పుట్టుకలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. తెల్ల ప్యాంట్లన్నీ టైముకి కుట్టేశాడు. ఆదివారం పొద్దున్నే ఇస్తున్నాను, వచ్చి తీసుకోండి అని కబురు పంపాడు. రేపు తాత ఇవాళే ఇస్తున్నాడట అనేసరికి వీధంతా దడుచుకుంది. ఆయన ఒంట్లో బాగాలేదేమోనని కొందరు పళ్ళు కూడా పట్టుకుని వచ్చారు.

గదిలో చోటు చాలక జనం వాకిట్లో నిలబడ్డారు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. అందర్నీ అలా చూసేసరికి ధైర్యం జారిపోయి, ఈ మధ్య సబ్బులు అని మళ్ళీ అదే పాట అందుకోబోయాడు. వెనక నుంచి భార్య అందుకుంది.

"ఆపండి. నడుం ఒక్కటే వెతుక్కుని ముడిచే తెలివి ఏ సబ్బుకీ ఉండదమ్మా. ఈయన మీ అందరికీ అబద్ధం చెప్పాడు."

 ఆ తర్వాత గోల మొదలైంది. కిరాణా కొట్టాయన అందుకా నా సబ్బు, అందుకా నా సబ్బు అని అదే మాట పట్టుకుని అందరికీ చెప్పుకొచ్చాడు. ఒకావిడకి కోపం వచ్చేసింది. మా వాడికేమైంది, బలంగా ఉన్నాడు, మీకెందుకండీ అని మీదికొచ్చింది. ముసలాయన చేతులు జోడించాడు.

"ఏ పిల్ల గురించీ నేను చెప్పను తల్లీ, నా డబ్బా గురించే చెప్తాను. కదలకుండా ఉంటే ఒకటిస్తాను నేను. మీరూ అందుకే ఇస్తున్నారు, చూశాను. అందరం కలిసి కూలి ఇచ్చి మరీ పిల్లల్ని కూర్చోబెడుతున్నాం. వాళ్ళు ఆ పని బాగా నేర్చుకున్నారు."

 కోపంగా వచ్చినావిడ వెనక్కి తగ్గింది. వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ, నేను బిస్కెట్ ఒకటే ఇస్తున్నాననుకున్నానండీ, మీ ఇంట్లోనూ ఉందనుకోలేదు అన్నాడు. బామ్మగారు టీచరమ్మ వైపు, టీచరమ్మ క్షవరం అతని వైపు చూసుకున్నారు. ఎవరో ముందు నవ్వారు, ఆ నవ్వు వాకిలంతా పాకింది. నవ్వాక మాట్లాడుకోవడం తేలికైంది.

అప్పుడనుకున్నారు, సాయంత్రం ఓ గంట వీధి పిల్లలదని. వ్యాను తెచ్చి వీధి మొదట్లో అడ్డంగా పెట్టేస్తే ఇంకే బండీ రాదు. పిల్లలు అక్కడే దిగి ఇళ్ళకి నడుస్తారు. కిరాణా కొట్టాయన చిప్స్ దండలు పైఅరకి ఎక్కించి, కింద అరటిపళ్ళూ నారింజలూ పెట్టాడు. సబ్బు పోయింది, ఇదీ పోతే ఏం చెయ్యాలని మొదట సణిగాడు గానీ, ఆడి అలిసిపోయి వచ్చిన పిల్లలు పళ్ళు ఊడ్చుకుపోతుంటే సణుగుడు ఆపేశాడు. టీచరమ్మ తాడాట ఆడిస్తూ ఎక్కాలు చెప్పించింది. అన్నీ సాఫీగా జరిగాయంటే మాత్రం అబద్ధమే. బామ్మగారు కొంగు చాటున చిప్స్ అందిస్తూ రెండుసార్లు దొరికిపోయింది. మొదటి సాయంత్రమైతే వీధి ఖాళీగా ఉంది, పిల్లలున్నారు, ఏం ఆడాలో ఎవరికీ తెలీదు. నేర్పిద్దామని దిగిన పెద్దవాళ్ళు నియమాల దగ్గర తగువులాడుకున్నారు. చీకటి పడేదాకా ఆడింది వాళ్ళే. పిల్లలు గట్టు మీద కూర్చుని చూశారు.

ఇంత జరిగినా బొంగరం స్టూలు దిగలేదు. కిటికీ పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతూనే ఉంది. ముసలాయనకి కావాల్సింది ఆ పిల్ల బయటికి రావడం. అది జరక్కపోతే వీధంతా గంతులేసినా ఆయనకేం సుఖం? ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. ఆయన ఓ తెల్ల ప్యాంటు తెచ్చి దాని ఎదుటి మేకుకి తగిలించాడు.

పిల్ల మొహం ఎర్రబడింది. "నువ్వు కుట్టనన్నావు."

"అనలేదు. అన్నా, చెప్పిన మాట మీద నిలబడే అలవాటు నాకుందా?"

పిల్లకి నవ్వు రాలేదు. కళ్ళు నిండాయి. "నేనే ఆఖరు వస్తాను తాతా."

"నువ్వెలా వస్తావే, నేనుండగా? ఈ వీధిలో ఆఖరు నాది. సొంత పెళ్ళికే ఆఖరున వచ్చినవాణ్ణి. ఇంత కష్టపడి సంపాదించుకున్న చోటు నీకు వదిలేస్తాననుకున్నావా?"

అని, టేపు మెడలోనే ఉంచుకుని, ప్యాంటు కాళ్ళు పైకి మడిచి, వీధిలోకి నడిచాడు. కరెంటు స్తంభం దగ్గర పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, వ్యాను దాకా పందెం. ఆయన వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. అమ్మమ్మ గుమ్మంలోంచి, ఈ వయసులో ఈయనకి ఇదేం బుద్ధి, మోకాళ్ళు చూసుకోమనవే అంది. బొంగరం సూది గుచ్చి పక్కన పెట్టింది. మెల్లగా వచ్చి తాత పక్కన చేరింది, ఆయన చెయ్యి పట్టుకుందామన్నట్టు.

పరుగు మొదలైంది. పిల్లలు పోయారు. వాళ్ళ వెనకాల బొంగరం పోయింది. ఆ వెనకాల, చాలా వెనకాల, రేపు తాత వచ్చాడు, నిక్షేపంగా ఆఖరున. చేరినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన వగరుస్తూ, నడుం మీద చెయ్యి వేసుకుని, ఇంతేనా, గట్టిగా కొట్టండర్రా అన్నాడు. బొంగరం పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని పై అంతస్తు కిటికీలోంచి కూతురు తొంగి చూసింది. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం తాత ఆఖరు వచ్చేవాడు, తప్పకుండా, టైముకి.

ఆటల పోటీలకి అమ్మమ్మ తప్ప అందరూ వెళ్ళారు. పిల్ల ఎన్నోదిగా వచ్చింది అని భార్య అడిగితే, ముసలాయన ప్యాంటు కుట్టు వైపే చూస్తూ కూర్చున్నాడట, కుట్టు ఎక్కడా పోలేదు అన్నాడు. ఇంటికొచ్చాక బొంగరమే చెప్పింది, తాత చెవిలో.

"నా వెనకాల ఒకమ్మాయి ఉండిపోయింది తాతా. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. వెనక్కెళ్ళి దాంతో కలిసి పరిగెత్తాను."

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జోడు శుభ్రంగానే ఉంది.

సెలవులు అయ్యాయి, కొత్త తరగతి వచ్చింది. బల్ల మీది రేకు డబ్బాలో ఇప్పుడు బొత్తాలుంటాయి. పోయినేటి యూనిఫారం చూస్తే నడుం దగ్గర మడత అలాగే ఉంది, విప్పే పని పడలేదు. పిల్ల పొడుగు సాగింది, కింద అంచు దించాలంతే. ఓ సాయంత్రం ఆయన గుమ్మంలోకొచ్చి, బొంగరం, కొలతలు తీసుకోవాలి రా, ఒక్క నిమిషం కదలకుండా నిలబడు అని కేకేశాడు. పిల్ల రావడం వచ్చింది గానీ టేపు నడుముకి చుట్టేలోపే బయట ఎవరో దాన్ని పిలిచారు. సందు చూసుకుని జారిపోయింది. ఆయన టేపు పట్టుకుని గుమ్మం దాకా వెంటపడ్డాడు.

పిల్ల పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి, "రేపు తాతా, రేపు!" అంది.